తిరగేసి చూస్తే కదా తెలిసేది!

ఓడ సియాటెల్ రేవు దాటి గంట కూడా కాలేదు. అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి నాలుగు మడతల కాగితం తీసి మంచం మీద పరిచింది. అందులో ఇరవై మూడు పేర్లు. పెద్దమ్మ, ఇద్దరు చిన్నమ్మలు, చిన్నమామ, పక్కింటి టీచరమ్మ, నాన్న వాకింగ్ దోస్తులు, ఆఖరికి పాలు పోసే ఆయన కూడా!

‘‘ఇంతమందికా అమ్మా? ఇక్కడ ఫ్రిజ్ మ్యాగ్నెట్టే ఐదారు డాలర్లు ఉంటుంది’’ అన్నాను.

‘‘గింత దూరం వచ్చి ఉత్త చేతులతోని పోతే ఏమనుకుంటరే?’’

నాన్న అప్పటికే ఫోన్‌లో ఆరు డాలర్లని రూపాయల్లోకి మార్చి, దాన్ని ఇరవై మూడుతో హెచ్చవేస్తున్నాడు.

సియాటెల్‌లో ఉద్యోగంలో చేరిన మూడేళ్లకు అమ్మానాన్నల్ని పిలిపించుకున్నాను. ఇక్కడున్న తెలుగువాళ్లందరి ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. ‘పేరెంట్స్ వచ్చారా? అయితే అలాస్కా క్రూజ్ తీసుకెళ్లు’ అని అందరూ సలహా ఇచ్చారు. ఏడు రోజుల ప్రయాణం. జూనో, స్కాగ్వే, కెచికాన్ అని మూడు అలాస్కా ఊళ్లు, చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియా. ఆ ఆఖరి మజిలీ ఎందుకో తెలుసా? 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్లని వేరే దేశంలో ఒక్కసారైనా ఆగకుండా తిరిగి అక్కడే దించకూడదు. అందుకే ఆ నాలుగు గంటల విక్టోరియా!

ఆ రోజు నేను ఆన్‌లైన్‌లో కొన్న ‘పోచంపల్లి’ టాప్ వేసుకున్నాను. అమ్మ సంతోషిస్తుందనే వేసుకున్నాను. అమ్మది పోచంపల్లి దగ్గరి ఊరే. తాత నేత నేశాడు. చిన్నమామ ఇప్పటికీ నేస్తున్నాడు. అమ్మ పెళ్లికి ముందు రోజూ ఆసు పోసేది. కుడిచేత్తో దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు అటూ ఇటూ తిప్పే పని అది. ఆ భుజం నొప్పి ఇప్పటికీ తగ్గలేదు.

అమ్మ నా టాప్ అంచు పట్టుకుని తిరగేసి చూసింది. పైన ముదురు ఎరుపు. లోపలివైపు పాలిపోయిన తెలుపు. ఏమీ అనలేదు. అంచు వదిలేసి తన లిస్టు మడతపెట్టుకుంది.

జూనో: వజ్రాల వీధిలో అమ్మ

రెండో రోజంతా సముద్రమే. ఓడలోని థియేటర్‌లో షాపింగ్ గురించి ఒకావిడ గంటసేపు మాట్లాడింది. ఏ రేవులో ఏ దుకాణానికి వెళ్లాలి, ఏ కూపన్ చూపిస్తే ఏ లాకెట్ ఉచితం... ఒక మ్యాప్ కూడా ఇచ్చారు. అందులో కొన్ని దుకాణాలే ఉన్నాయి. ఆ పేర్లు ఎలా వచ్చాయన్నది అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్లు ప్రచారానికి డబ్బు కట్టారు. అంటే నా చేతిలో ఉన్నది ఊరి మ్యాప్ కాదు, ప్రకటన.

జూనో అలాస్కా రాజధాని. అయినా బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. విమానంలోనో, పడవలోనో వెళ్లాల్సిందే. జనాభా 32 వేలు. వేసవిలో ఓడల మీద వచ్చేవాళ్లు 16 లక్షలకు పైనే. ఊరు తట్టుకోలేక, 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలు మాత్రమే రావాలని క్రూజ్ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది.

ఓడ దిగి కొండల వైపు తలెత్తి చూసేలోపే ఫ్రాంక్లిన్ వీధి మొదలవుతుంది. వరసగా నగల దుకాణాలు. వజ్రాలు, నీలి టాంజానైట్ రాళ్లు, ‘ఇవాళ మాత్రమే’ తగ్గింపులు. టాంజానైట్ ప్రపంచం మొత్తమ్మీద ఒక్క టాంజానియాలోనే, కిలిమంజారో పర్వతానికి దగ్గర్లో దొరుకుతుంది. దాన్ని అలాస్కా గుర్తుగా కొనుక్కెళ్లడం ఏంటో నాకు అర్థం కాలేదు.

కౌంటర్ వెనక కుర్రాడు అమ్మ చీర చూడగానే హిందీలో పలకరించాడు. ముంబై వాడట. వేసవి ఆరు నెలలు ఇక్కడ, చలికాలం కరేబియన్ దీవుల్లోని దుకాణంలో. ‘‘ఓడలు ఎటు వెళ్తే మేమూ అటే ఆంటీజీ’’ అని నవ్వాడు. అక్టోబరులో ఆఖరి ఓడ వెళ్లగానే ఈ వీధిలో చాలా షట్టర్లు దిగిపోతాయి. ఊరివాళ్ల దుకాణాలు మాత్రం మిగులుతాయి. అందుకే కొన్ని అద్దాల మీద ‘మాది స్థానికుల దుకాణం’ అని బోర్డులు కనిపించాయి.

తర్వాతి దుకాణంలో అమ్మ పని మొదలుపెట్టింది. ఎలుగుబంటి బొమ్మ తీసుకుంది, తిరగేసింది. చైనా. తిమింగలం తోక ఉన్న కప్పు తిరగేసింది. చైనా. ‘అలాస్కా’ అని ఎర్రగా కుట్టిన టోపీ లోపలికి చూసింది. బంగ్లాదేశ్. పది నిమిషాల్లో ఆ అరలో సగం వస్తువులు తలకిందులుగా నిలబడ్డాయి. నాకేమో సిగ్గు. అమ్మకి అసలు పట్టలేదు. బట్టైనా, బొమ్మైనా ముందు వెనక్కి తిప్పి చూసే అలవాటు నేతింట్లో పుట్టినవాళ్లకి చిన్నప్పుడే వస్తుంది.

మధ్యాహ్నం వాన పెరిగింది. తలదాచుకోవడానికి స్టేట్ మ్యూజియంలోకి వెళ్లాం. అక్కడ ఒక అద్దాల పెట్టె ముందు అమ్మ ఆగిపోయింది.

చిల్కాట్ దుప్పటి. ట్లింగిట్ జాతి పెద్దలు పండగలప్పుడు భుజాల మీద కప్పుకుని ఆడేది. నలుపు, పసుపు, లేత నీలం రంగుల్లో కళ్లు, రెక్కలు, ముఖాలు. కింద పొడవాటి కుచ్చులు. కొండమేక ఉన్నిని దేవదారు బెరడుతో కలిపి పేనిన దారం పడుగు. పైన ఒక్క అడ్డకర్ర, దాని నుంచి దారాలు ఊరికే వేలాడుతుంటాయి. నాడె లేదు. మొత్తం వేళ్లతోనే అల్లాలి. డిజైన్‌ను మగవాళ్లు చెక్క పలక మీద గీసిస్తే, ఆడవాళ్లు దాన్ని చూస్తూ నేసేవాళ్లు. ఒక దుప్పటికి ఏడాది, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది.

అదంతా చదివి చెప్పాను. అమ్మ గాజుకి ముక్కు ఆనించి చూస్తూనే ఉంది.

‘‘గుండ్రంగ నేసిన్రు చూసినవా? పడుగు, పేక రెండూ సక్కగ పోతయి. గీటు గుండ్రంగ తిప్పాలంటే ఎంత కష్టమో మీ మామనడుగు’’ అంది. కాసేపాగి, ‘‘గీమెకు గూడ భుజం నొచ్చే ఉంటది’’ అంది.

తర్వాత అదే ఊళ్లోని సీలాస్కా హెరిటేజ్ వారి దుకాణానికి వెళ్లాం. ట్లింగిట్, హైడా, సిమ్షియన్ జాతుల సంస్కృతి కోసం పనిచేసే సంస్థ అది. అక్కడి వస్తువుల పక్కన చేసినవారి పేరు, వాళ్ల జాతి రాసి ఉన్నాయి. ధరలు చూసి నాన్న గట్టిగా ఊపిరి పీల్చాడు. అమ్మ మాత్రం ‘ఇంత ఖరీదా’ అని ఒక్కసారి కూడా అనలేదు. కూరగాయల దగ్గర రూపాయి కోసం పావుగంట బేరమాడే మనిషి!

స్కాగ్వే: పలుగు అమ్మినోడే బాగుపడ్డాడు

స్కాగ్వేలో ఉండేది సుమారు 1,200 మంది. ఓడలు నిండుగా వచ్చిన రోజు వీధుల్లోకి పది వేల మంది దిగుతారు. చెక్క కాలిబాటలు, పాతకాలం ముఖద్వారాలు... ఏదో సినిమా సెట్‌లోకి వచ్చినట్టుంటుంది. ఒక పాత భవనం ముందుభాగమంతా 8,800కు పైగా సముద్రంలో కొట్టుకొచ్చిన కర్రముక్కలే. ఫొటోల కోసం దాని ముందు క్యూ.

ఈ ఊరు పుట్టిందే అమ్మకాల కోసం. 1897-98లో కెనడాలోని క్లోండైక్‌లో బంగారం ఉందని వేలమంది ఇటువైపు పరుగెత్తారు. ఆకలితో చచ్చిపోతారని కెనడా పోలీసులు సరిహద్దులో నిబంధన పెట్టారు. ఏడాదికి సరిపడా సరుకులుంటేనే లోపలికి! తిండి, గుడారం, పనిముట్లు కలిపితే మనిషికి దాదాపు టన్ను బరువు. అవన్నీ ఎక్కడ కొనాలి? దారిలోని ఊళ్లలో. తవ్వడానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పలుగు, పార, పిండి అమ్మినవాళ్లు స్థిరపడ్డారు. ‘‘అంటే నూట ఇరవై ఏండ్లకెంచి ఇదే దుకాణం నడుస్తున్నదన్నట్టు’’ అని నాన్న తేల్చేశాడు.

ఇక్కడే అమ్మకి ఉలు దొరికింది. ఉలు అంటే అర్ధచంద్రాకారంలో ఉండే కత్తి, పైన చెక్క పిడి. ఉత్తర అలాస్కాలోని ఇన్యుపియాక్, పడమటి తీరంలోని యూపిక్ ఆడవాళ్లు చేప కోయడానికి, తోలు గీకడానికి తరతరాలుగా వాడుతున్న పనిముట్టు. దుకాణంలో ఒకాయన చెక్క గిన్నెలో ఉల్లిపాయ వేసి ఊపుతూ చూపించాడు. అమ్మ ఆగలేదు. కత్తి అందుకుని కొత్తిమీర కట్టను రెండు నిమిషాల్లో సన్నగా తరిగేసింది. ‘‘మన కత్తిపీటకు చెల్లెలు’’ అంది. ఆయనకి అనువాదం చేసి చెప్తే, కత్తిపీట ఫొటో చూపించమన్నాడు. చూసి, ‘‘దీని మీద కూర్చుని కోస్తారా?’’ అని ఆశ్చర్యపోయాడు.

అక్కడ రెండు రకాల ఉలులు ఉన్నాయి. అమ్మ రెండు పెట్టెలూ తిరగేసింది. ఒకదాని వెనక తల్లి ఎలుగు, పిల్ల ఎలుగు బొమ్మ ఉంది. ‘మేడ్ ఇన్ అలాస్కా’ ముద్ర అది. వస్తువులో కనీసం 51 శాతం అలాస్కాలోనే తయారైతే ఇస్తారు. రెండోది చాలా చవక, ఎలుగు లేదు. అమ్మ ఎలుగు ఉన్నవే రెండు కొంది. ఒకటి తనకి, ఒకటి పెద్దమ్మకి. లిస్టులో ఒక పేరు కొట్టేసింది.

ఇంకా ఇరవై రెండు!

కెచికాన్: ‘డిజైన్ ఎవలిదో అడగలే’

కెచికాన్‌లో ఏడాదికి సుమారు 150 అంగుళాల వాన. మేం దిగినప్పుడూ జల్లు పడుతూనే ఉంది. ఓడ మధ్యాహ్నానికే వెళ్లిపోతుంది. నాన్న స్మోక్ చేసిన సాల్మన్ రుచి చూసి, ‘‘మన ఎండుచేపే, కాకపోతే ఇంగ్లీషులో ఉంది’’ అని రెండు ప్యాకెట్లు తీసుకున్నాడు.

నాకేమో ఆఫీసు డెస్క్ మీద పెట్టుకోవడానికి ఒక టోటెమ్ స్తంభం కావాలి. ఒక దుకాణంలో జానెడు ఎత్తున్నది కనిపించింది. గద్ద, కప్ప, ఎలుగు ఒకదాని మీద ఒకటి. 60 డాలర్లు. ‘చేత్తో చెక్కినది’ అని చిన్న స్టిక్కర్. అప్పటికే కార్డు చేతిలోకి తీశాను.

‘‘ఎవలు చేసిన్రు?’’ అంది అమ్మ.

అడిగాను. అమ్మే అమ్మాయి నవ్వుతూ, ‘‘ఇక్కడి స్థానిక డిజైన్’’ అంది. అదే అమ్మకి చెప్పాను.

‘‘డిజైన్ ఎవలిదో అడగలే బిడ్డా. చేసినోల్లు ఎవలు?’’

మళ్లీ అడిగాను. ఆమె భుజాలెగరేసింది. బొమ్మను తిరగేశాను. అడుగున ఏదో స్టిక్కర్ పీకేసిన జిగురు మరక. పేరు లేదు, ఊరు లేదు. కార్డు మళ్లీ పర్సులోకి వెళ్లింది.

బయట చూరు కింద నిలబడి ఫోన్ తీశాను. ఇదే కెచికాన్‌లో రెండు దుకాణాలు నడిపిన ఒకాయనకి 2023లో ఫెడరల్ కోర్టు రెండేళ్ల జైలు వేసింది. ఫిలిప్పీన్స్‌లో చెక్కించిన స్తంభాలు, రాతి బొమ్మలు తెప్పించి, అలాస్కా ఆదివాసీ కళాకారులు చేసినవని ఓడల మీద వచ్చేవాళ్లకి అమ్మాడు. 1990 నాటి చట్టం ప్రకారం ఆదివాసీలు చేయనిదాన్ని వాళ్లు చేసినట్టు అమ్మితే మొదటి నేరానికే ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉంటాయి. నేను చూసిన బొమ్మ అలాంటిదేనని అనను. నాకు తెలీదు. తెలుసుకునే దారి లేకపోవడమే సమస్య.

ఇది చదివి వినిపిస్తే అమ్మ వెంటనే ఏమీ మాట్లాడలేదు. వానను చూస్తూ కాసేపటికి అంది: ‘‘మీ మామ మొన్న ఒక మగ్గం అమ్మిండు. నీకు చెప్పలే.’’

రెండు మగ్గాలు ఉండేవి మామకి. ఇప్పుడు ఒకటే. ఇక్కత్‌లో నేతకు ముందే దారాన్ని చిటికి కట్టి, రంగులద్ది, లెక్క తప్పకుండా మగ్గానికి ఎక్కిస్తారు. అందుకే గుడ్డకి రెండువైపులా అదే రంగు, అదే పువ్వు. ఒక చీరకి ఇల్లంతా కలిసి రోజుల తరబడి పనిచేయాలి. అదే పువ్వును మిషన్ మీద ప్రింట్ కొడితే గంటల్లో వందల మీటర్లు. దానికీ పేరు ‘పోచంపల్లి’యే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2006 నుంచి చేనేత మార్కు ఉంది. చట్టాలు, ముద్రలు మనకూ ఉన్నాయి. కొనేవాళ్లే తిరగేసి చూడట్లేదు. నాతో సహా.

‘‘అమ్మా, ఆ రోజు ఓడలో నేనేసుకున్న టాప్...’’

‘‘తెలుసు.’’

‘‘మరి ఏమీ అనలేదేం?’’

‘‘తెల్వక కొన్నవ్. ఏమంట? నా బిడ్డకే తెల్వకపోతే ఊర్లోల్లకేం తెలుస్తది అనుకున్న.’’

తిట్టినా ఇంత బాధ అనిపించేది కాదు.

టైమ్ ఉందని బస్సెక్కి నాలుగు కిలోమీటర్ల దూరంలోని సాక్స్‌మన్ వెళ్లాం. ట్లింగిట్ల ఊరు. చెట్లంత ఎత్తు టోటెమ్ స్తంభాలు. అవి మొక్కే దేవుళ్లు కావు. ఒక్కో వంశం చరిత్ర, గొప్ప మనుషులు, తీర్చని అప్పులు... అన్నీ చెక్కలో రాసుకున్న కథలు. ఒక వంశం గుర్తుని ఇంకో వంశం వాడుకోకూడదు. అది ఇంటిపేరు లాంటి ఆస్తి. అలాంటి గుర్తుల్ని ఊరూపేరూ లేకుండా జానెడు బొమ్మలో కలిపేస్తే ఎలా ఉంటుందో అప్పుడు అర్థమైంది. మా ఇంటిపేరుని ఎవరో కప్పు మీద ప్రింట్ చేసి అమ్మినట్టే.

పక్కన పెద్ద షెడ్డు. లోపల ఒకాయన ఎర్ర దేవదారు దుంగ మీద చిన్న బాడిసెతో చెక్కుతున్నాడు. షెడ్డంతా కొత్త పెన్సిల్ చెక్కినప్పటి వాసన. అమ్మ ఆయన చేతినే చూస్తోంది. దెబ్బ దెబ్బకీ ఒకే మందం పొట్టు లేస్తోంది. ఎన్ని నెలలు పడుతుందని అడగమంది. స్తంభాన్ని బట్టి నెలలు, ఒక్కోసారి ఏడాది అన్నాడు. కింద పడిన పొట్టు ఒకటి తీసుకోవచ్చా అని అడగమంది. ఆయన నవ్వి గుప్పెడు తీసి చేతిలో పోశాడు. అమ్మ చేతిరుమాల్లో మూట కట్టుకుంది. మొత్తం ప్రయాణంలో దొరికిన ఒకే ఒక్క ఉచిత అలాస్కా వస్తువు అది.

తిరిగొచ్చే దారిలో ఒక చిన్న గ్యాలరీలో దేవదారు బెరడుతో అల్లిన పుస్తకం గుర్తు కనిపించింది. రెండు వేళ్ల వెడల్పు. ట్యాగ్ మీద అల్లినావిడ పేరు, ఊరు, పక్కన చేతి బొమ్మ ఉన్న ‘సిల్వర్ హ్యాండ్’ ముద్ర. 40 డాలర్లు. నాన్న ఫోన్ తీయబోతే, ‘‘లెక్కలు జెయ్యకు’’ అంది అమ్మ. అది చిన్నమామకి.

మిగిలినవాళ్లకి? రేవు పక్కన డజను చొప్పున మ్యాగ్నెట్లు కొన్నాం. వాటి వెనక చైనా అని స్పష్టంగా ఉంది. ‘‘గిది అబద్ధం చెప్పట్లే గదా’’ అంది అమ్మ. నిజమే. మ్యాగ్నెట్ మ్యాగ్నెట్‌లాగే అమ్ముడుపోతే ఎవరికీ నష్టం లేదు.

మీరు వెళ్తే...

* ఓడలో ఇచ్చే షాపింగ్ మ్యాప్‌ని ప్రకటనగానే చూడండి. రేవు నుంచి నాలుగు వీధులు లోపలికి నడిస్తే ఊరివాళ్ల దుకాణాలు కనిపిస్తాయి.

* ఎలుగు, పిల్ల ఉన్న ముద్ర ఉంటే వస్తువు అలాస్కాలో తయారైందని. ‘సిల్వర్ హ్యాండ్’ ఉంటే అలాస్కా ఆదివాసీ కళాకారులు చేసిందని. ఈ రెండూ ఒకటి కాదు. అలాగే ముద్ర లేనిదల్లా నకిలీ కాదు. చేసినవారి పేరు అడగండి. నిజమైన దుకాణం సంతోషంగా చెప్తుంది, బిల్లు మీద రాసిస్తుంది.

* వాల్రస్ దంతం, తిమింగలం ఎముక, సీల్ తోలు వస్తువులు అక్కడ ఆదివాసీల దగ్గర కొనడం చట్టబద్ధమే కావచ్చు. ఇండియాకు తేవాలంటే మాత్రం పర్మిట్ల తలనొప్పి. వాటి జోలికి పోకపోవడమే మంచిది.

* ఉలు కొంటే విమానంలో చెక్‌ఇన్ లగేజీలోనే పెట్టండి.

* వజ్రం కొనాలనుకుంటే ఇంట్లో కూర్చుని ధరలు పోల్చుకుని కొనండి. ఓడ కూత వేస్తుంటే కొనే వస్తువు కాదది.

చిన్నమామ ఏం చేశాడంటే...

అమ్మావాళ్లు ఊరికెళ్లిన వారానికి వీడియో కాల్ వచ్చింది. వెనకాల మగ్గం చప్పుడు లేదు. మామ మగ్గం గుంటలోనే కూర్చుని ఉన్నాడు, చేతిలో ఆ బెరడు గుర్తు. ముందువైపు అసలు చూడలేదు. నేరుగా వెనక్కి తిప్పి, వేలితో ఒక్కో అల్లికా తడిమాడు. కళ్లద్దాలు పైకి జరుపుకుని మళ్లీ చూశాడు.

‘‘ముడి యాడ దాచిందో దొరుకుతలేదు’’ అన్నాడు. ‘‘పనిమంతురాలే. పేరేంది?’’

ట్యాగ్ చూసి చెప్పమన్నాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఆమె పేరు రెండుసార్లు చదివాడు.

‘‘మామా, నాకో చీర కావాలి. నువ్వు నేసిందే’’ అన్నాను.

‘‘రెండు నెలలు పడతది. ఒక్కటే మగ్గం గదా.’’

‘‘పట్టనీ. అంచు మీద ఓ మూల నీ పేరు గూడ నేయి.’’

మామ నవ్వాడు. ‘‘పేరెవలు చూస్తరే?’’

‘‘నేను చూస్తా’’ అన్నాను.